కెమెరా ఉంది సరే, మొహం కనపడతా ఉందా?

అందరికీ నమస్కారం. జెండా ఎగరేసిన పెద్దలకి, పొద్దున్నే వచ్చిన అక్కలకి, అన్నలకి, పిల్లలకి గణతంత్ర దినోత్సవ శుభాకాంక్షలు. రాజ్యాంగం గురించి ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు ప్రెసిడెంట్ గారు, ఆయన మన్నించాల, నేను సీసీ కెమెరాల గురించి మాట్లాడతా, ఎందుకంటే ఇంతమంది ఒకచోట మళ్ళీ ఉగాదికి గానీ దొరకరు.

ధనుర్మాసంలో మూలింటి పెద్దమ్మకి జరిగింది మీకందరికీ తెలుసు. ఇంకా తెల్లారలేదు, వాకిట్లో ముగ్గేస్తా ఉంది, బండి మీద ఇద్దరొచ్చి మెడలో గొలుసు లాక్కుపోయినారు. ఎదురింట్లో కెమెరా ఉంది, మంచిదే, 1080పీ. ఆ రికార్డింగ్ నేను చూసినా. ముగ్గు చుక్కలు లెక్కపెట్టొచ్చు, అంత బాగున్నాయి. ఆ ఇద్దరి మొహాలు మాత్రం తెల్లగా సాగిపోయిన మచ్చలు, బండి నంబర్ ఒట్టి వెలుగు. స్టేషన్లో ఆయన కూడా ఏం చేస్తాడు, ఎవర్ని పట్టుకుంటాడు? ఆ పెద్దమ్మ ఇప్పటికీ వాకిట్లోకి ఒంటరిగా రాదు.

ఎందుకట్లయిందో చెప్తా. కదలని ముగ్గుకి పెద్ద డేటా అక్కర్లేదు, కదిలేదానికే కావాల, ఆ కెమెరాలోనేమో బిట్‌రేట్, అంటే సెకనుకి రాసుకునే డేటా, 512 కేబీపీఎస్‌కి దించిపెట్టినారు. బిగించినతను "ఒక టీబీ హార్డ్ డిస్క్, నాలుగు కెమెరాలు, నెలకి పైగా రికార్డింగ్ ఉంటుంది సార్" అన్నాడంట. ఉంటుంది, నిజమే, నెల రోజుల మచ్చలు! నాకు కోపమొచ్చేది ఇక్కడే, డబ్బులు తీసుకున్నోడు గేటు కెమెరా ఒక్కటన్నా సరిగ్గా పెట్టి పోవాల గదా.

రెండోది షట్టర్, అంటే ఒక్కో బొమ్మకి కెమెరా కన్ను తెరుచుకునుండే టైము. ఆటోలో ఉంటే చీకట్లో సెకనులో 25వ వంతుకి పోతుంది, గంటకి 36 కిలోమీటర్ల మీద పోయే బండి ఆ కాస్త టైములోనే 40 సెంటీమీటర్లు జరుగుతుంది, ఇంక మొహమేం నిలబడతాది? 250వ వంతుకి పెడితే 4 సెంటీమీటర్లే. కాకపోతే వెలుతురు తగ్గుతుంది, కాబట్టి గేటు లైటు రాత్రంతా వెలగాల, కరెంటు బిల్లు చూసుకోవద్దండి దయచేసి.

ఇంకో మాట. మనది తిరుపతి, కొండకొచ్చే జనం పొద్దస్తమానం మన వీధుల్లోనే తిరగతా ఉంటారు, మొహం చూసి "ఫలానా వాళ్ళబ్బాయి" అనుకునే పల్లె కాదు. తెలిసిన మనిషైతే మీటరు వెడల్పుకి 125 పిక్సెల్స్, అంటే బొమ్మలో చుక్కలు, ఉన్నా పోల్చుకోవచ్చు, ముక్కూమొహం తెలియని మనిషికి 250 కావాలని స్టాండర్డే ఉంది. 1080పీ అడ్డంగా 1920 పిక్సెల్స్, అంటే గేటు కెమెరా ఏడు మీటర్ల వెడల్పుకి మించి చూపించకూడదు. వీధి మొత్తం పడాలని మిద్దె పైన కట్టుకుంటే వీధి పడతాది, మనిషి పడడు. అన్నట్టు, పక్కింటి కిటికీలోకి తిప్పిపెట్టిన వాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు, పేర్లు చెప్పను, ఇవాళే తిప్పుకోండి.

ఇప్పుడు ఫోన్లు బయటికి తీయండి. నిజంగానే తీయండి. నిన్న రాత్రి మీ గేటు రికార్డింగ్ తెరిచి, ఎవరన్నా నడిచిపోయే చోట ఆపి, మొహం మీద జూమ్ చేయండి. కనపడలేదా? ముందు సబ్ స్ట్రీమ్ తీసి మెయిన్ స్ట్రీమ్ పెట్టి చూడండి, ఫోన్లో మామూలుగా వచ్చేది ఆ సబ్ స్ట్రీమే, తక్కువ క్వాలిటీది. పోలీసులకి ఇచ్చేటప్పుడు కూడా ఫోన్లో స్క్రీన్ రికార్డ్ చేసి వాట్సాప్‌లో పంపొద్దు, రికార్డింగ్ దాచిపెట్టే పెట్టె, అదే డీవీఆర్, దాన్నుంచి మెయిన్ స్ట్రీమే పెన్‌డ్రైవ్‌లోకి తీయాల. అందులో టైమ్ కరెక్టుగా ఉండాల, 2024 జులై నుంచి కొత్త సాక్ష్య చట్టం వచ్చింది, కోర్టులో పెట్టాలంటే ఆ రికార్డింగ్ ఏ మెషీన్ నుంచి ఎట్ల తీసినారో రాసిచ్చే సెక్షన్ 63 సర్టిఫికెట్ కూడా కావాల.

అప్పటికీ కనపడకపోతే సెట్టింగులు మార్చాల్సిందే. గేటు కెమెరాకి బిట్‌రేట్ 4 ఎంబీపీఎస్, అంటే ఇందాకటి 512కి దాదాపు ఎనిమిదింతలు. వీడియోని ఇంకా చిన్నగా కుదించే హెచ్.265 ఉంటే దాంట్లో సగం చాలు. సెకనుకి ఫ్రేములు, అంటే బొమ్మలు, 25 అక్కర్లేదు, 15 చాలు, అప్పుడు ఉన్న డేటాలోనే ఒక్కో ఫ్రేముకి ఎక్కువ దక్కుతుంది. మిగతా మూడూ, మెట్ల కాడివి, మిద్దె మీదవి, ఒక్కోటి 1 ఎంబీపీఎస్‌లో వదిలేయండి. అట్ల పెడితే నాలుగూ కలిపి రోజుకి 75 జీబీ, ఒక టీబీలో 13 రోజులొస్తుంది. నాకైతే 13 రోజుల మొహాలు చాలు.

సాయంత్రం ఏడుకి రెండో వీధి నుంచి మొదలుపెట్టి ఒక్కో ఇంటికి నేనే వస్తా, పైసా ఇవ్వొద్దు. డీవీఆర్ మౌస్ ఎక్కడుందో వెతికి పెట్టుకోండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గర లేకపోతే బిగించినతనికి ఇప్పుడే ఫోన్ చేసి అడగండి, అది లేకుండా నేను వచ్చినా ఏమీ చేయలేను.