అనుమతి లేదన్న చోట రాయకండి

సభాధ్యక్షులకు, అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం. నా పరిచయానికే పది నిమిషాలు పోయాయి కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. నాకిచ్చిన అంశం 'డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ భవిష్యత్తు'. దాని సంగతి తరవాత చూద్దాం. ముందు, మీ ప్రోగ్రామ్ తన ఫైళ్లను ఎక్కడ రాయాలో, ఎక్కడ రాయకూడదో మాట్లాడుకుందాం.

'యాక్సెస్ డినైడ్', అంటే అనుమతి లేదు అని రాగానే మనవాళ్లు ఏం చేస్తారు? రైట్ క్లిక్ చేసి ప్రోగ్రామ్‌ని కంప్యూటర్ మీద పూర్తి హక్కులతో నడిపే 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' నొక్కుతారు. అదీ కుదరకపోతే ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో 'ఎవ్రీవన్'కి 'ఫుల్ కంట్రోల్' ఇచ్చేస్తారు. లైనక్స్ వాళ్లు నవ్వకండి, ఫైలు మీద అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేసే మీ చెమోడ్ 777 కూడా అదే బాపతు!

ఒక మిర్చి కమీషన్ దుకాణం. కంప్యూటర్ ఒకటే, ఉదయం ఒక గుమాస్తా, సాయంత్రం ఒక గుమాస్తా, ఎవరి లాగిన్ వారిది. బిల్లుల ప్రోగ్రామ్ తన డేటా ఫైలును కూడా ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనే, అంటే మామూలు ఖాతాలకు రాసే అనుమతి లేని ఫోల్డర్‌లోనే పెట్టుకుంది. పొద్దున కొట్టిన బిల్లులు సాయంత్రానికి కనబడవు. ఒకే నంబరుతో ఇద్దరు రైతులకు రెండు బిల్లులు వెళ్లాయి. షావుకారు సాయంత్రం కుర్రవాడిని అనుమానించి పని మాన్పించాడు. నన్ను పిలిచింది ఆ తరవాత.

వెతికితే ఒక్క బిల్లూ పోలేదు. 2007లో మార్కెట్లోకి వచ్చిన విండోస్ విస్టాతో మొదలైన ఏర్పాటు ఇది: మేనిఫెస్ట్, అంటే తనకు ఏ హక్కులు కావాలో చెప్పే చీటీ లేని పాత 32 బిట్ ప్రోగ్రామ్ ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయబోతే, విండోస్ ఆ రాతను లాగిన్ అయినవారి సొంత ఫోల్డర్ యాప్‌డేటాలో వర్చువల్‌స్టోర్ అనే ఫోల్డర్‌కి మళ్లిస్తుంది. ప్రోగ్రామ్‌కి ఆ సంగతే తెలియదు. ఇద్దరు గుమాస్తాలు, రెండు ఫైళ్లు, రెండింట్లోనూ లెక్కలు భద్రం. దొంగ అనిపించుకున్న కుర్రవాడు మాత్రం అప్పటికే ఊరు వదిలిపోయాడు. ప్రోగ్రామ్ రాసినాయనకు ఫోను చేస్తే, 'అడ్మినిస్ట్రేటర్‌గా నడపమని చెప్పాం కదండీ' అన్నాడు. అన్నాడండీ ఆ మాట!

సరే, ఎక్కడున్నాం? కోడు. ఎవరి సెట్టింగులు వారి యాప్‌డేటాలో ఉండాలి. ఆ ఫోల్డర్ దారిని కోడులో చేత్తో టైపు చేయకండి. మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్‌లో రాస్తుంటే, దారి చెప్పే గెట్‌ఫోల్డర్‌పాత్‌ని అడగండి. అందరికీ కావలసిన డేటా, ఉమ్మడి ఫోల్డర్ అయిన ప్రోగ్రామ్‌డేటాలో. అక్కడా ఒక చిక్కుంది: ఒకరు సృష్టించిన ఫైలును మామూలు ఖాతాతో ఉన్న మరొకరు చదవగలరు గాని మార్చలేరు. అందుకే ఇన్‌స్టాల్ చేసేటప్పుడే, మీ డేటా ఫోల్డర్‌కి మాత్రమే, యూజర్స్ గ్రూపుకి మాడిఫై, అంటే మార్చే అనుమతి ఇవ్వండి. ఈఎక్స్‌ఈ, అంటే అసలు నడిచే ప్రోగ్రామ్ ఫైలు ఉన్న ఫోల్డర్‌కి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఎవరైనా దాన్ని తీసి అదే పేరుతో ఇంకోటి పెడితే, రేపు దాన్ని పూర్తి హక్కులతో నడిపేది అడ్మినిస్ట్రేటరే. మేనిఫెస్ట్‌లో యాజ్‌ఇన్‌వోకర్, అంటే నడిపినవారి హక్కులే చాలు అని రాయండి; మళ్లింపు ఆగిపోయి, తప్పు షావుకారు కొట్లో కాకుండా మీ బల్ల మీదే బయటపడుతుంది.

అన్నట్టు, డాట్‌నెట్ 'అన్‌ఆథరైజ్డ్ యాక్సెస్' (అనుమతి లేదు) అన్న ప్రతిసారీ అనుమతులదే తప్పు కాదు. ఫైలు పేరివ్వాల్సిన చోట ఫోల్డర్ పేరిచ్చినా, చదవడానికి మాత్రమే అని గుర్తు పెట్టిన రీడ్‌ఓన్లీ ఫైలులో రాయబోయినా అదే ఎర్రర్.

వెనక వరసలో చెయ్యెత్తిన బాబూ, నీ ప్రాజెక్టు డేటాబేస్ ఎక్కడ రాస్తోంది? డీ డ్రైవ్‌లోనా? డీ డ్రైవే లేని కంప్యూటర్‌లో ఏం చేస్తుంది? లాప్‌టాప్ తీసుకుని వేదిక మీదకి రా. అడ్మిన్ హక్కుల్లేని ఖాతా ఒకటి తెరిచి, అందరి ముందూ నడిపి చూద్దాం.