చేలో కలిసిపోయే సెన్సర్: బయోడీగ్రేడబుల్ అంటే సరిపోతుందా?

[కోఠి, గుజరాతీ గల్లీ. షాపు కౌంటర్ మీద మట్టి తేమ సెన్సర్, క్లోజప్]

మట్టిలో గుచ్చితే తేమ చెప్పే సెన్సర్ ఇది. ఒక పదార్థం ఎంత విద్యుత్ చార్జి దాచుకోనిస్తుందో చెప్పే అంకెని డైఎలక్ట్రిక్ స్థిరాంకం అంటారు. నీటిది దాదాపు 80, ఎండు మట్టిది అందులో పదో వంతు కూడా ఉండదు. అందుకే తడి పెరిగేకొద్దీ దీని కెపాసిటెన్స్, అంటే చార్జి పట్టుకునే సామర్థ్యం, పెరుగుతుంది. కుండీలో ఒకటి పెట్టుకుంటే గొడవ లేదు. చేనంతా గుచ్చి, కోతయ్యాక ఏరకుండా దున్నేస్తే? ఈ ఆకుపచ్చ బోర్డు గాజు పీచు, ఎపాక్సీ. మన మనవలకి కూడా నాగలికి తగులుతుంది.

[బల్ల మీద పీఎల్‌ఏ షీటు, కాగితం, మెగ్నీషియం రిబ్బన్]

బోర్డుకి బదులు పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్ వాడదాం అంటారు చాలామంది. మొక్కజొన్న, చెరకు చక్కెరల్ని పులియబెట్టి చేస్తారు, త్రీడీ ప్రింటర్లలో రోజూ వాడేదే. కానీ బయోడీగ్రేడబుల్ అన్న ముద్ర చూసి మురిసిపోకండి. అది త్వరగా కుళ్ళాలంటే పెద్ద కంపోస్ట్ ప్లాంటులో ఉండే 58 డిగ్రీల వేడి కావాలి. రాజేంద్రనగర్ పొలంలో నడి మే నెలలో కూడా వేళ్ళ లోతున అంత వేడి ఉండదు. పాతితే ఏళ్ళ తరబడి అలాగే పడి ఉంటుంది.

పీహెచ్‌బీ అనే ఇంకో ప్లాస్టిక్ వేరు. కొన్ని బ్యాక్టీరియాలు మనం కొవ్వు దాచుకున్నట్టు దాన్ని ఒంట్లో దాచుకుంటాయి. మట్టిలోని సూక్ష్మజీవులు మామూలు వేడిలోనే దాన్ని తినేస్తాయి. కాగితం కూడా అంతే. నా ఓటు ఈ రెండింటికే.

రాగి తీగలకి బదులు మెగ్నీషియం. తడి తగిలితే అది మెగ్నీషియం హైడ్రాక్సైడ్ అవుతుంది. అసిడిటీకి తాగే తెల్ల మందులో ఉండేదే! 2012లో అమెరికా శాస్త్రవేత్త జాన్ రోజర్స్ బృందం మెగ్నీషియం, పల్చటి సిలికాన్, పట్టు ప్రోటీన్‌తో నీళ్ళలో కరిగే సర్క్యూట్లు చేసి చూపించింది.

[సెన్సర్ మీద మైనం పూస్తున్న చెయ్యి]

అసలు చిక్కు ఇక్కడుంది. తేమ కొలవాలంటే తడిలోనే ఉండాలి, తడిలో ఉంటే కరిగిపోతుంది. అందుకే పైన తేనెమైనం లాంటి పూత వేస్తారు. పల్చగా వేస్తే పైరు పూతకి రాకముందే సెన్సర్ చస్తుంది, మందంగా వేస్తే వచ్చే పంట దాకా కదలదు.

బజార్లో దొరికే మామూలు చిప్, బ్యాటరీ మాత్రం కరగవు. కాబట్టి వాటిని చేతిలో పట్టుకునే రీడర్‌లో పెట్టి, మట్టిలో ఒక కాయిల్, ఒక కెపాసిటర్ మాత్రమే ఉంచడం నాకు నచ్చిన డిజైన్. తేమ పెరిగితే వాటి రెజొనెన్స్ ఫ్రీక్వెన్సీ, అంటే అవి అన్నిటికన్నా బలంగా స్పందించే ఫ్రీక్వెన్సీ, తగ్గుతుంది, పై నుంచి రీడర్ దాన్ని పట్టుకుంటుంది. కాకపోతే రీడర్‌ని కాయిల్‌కి బాగా దగ్గరగా పెట్టాలి. చాలు చాలుకీ వంగి చూసే తిప్పలైతే తప్పవు.