గాలిగోపురం మెట్ల నుంచి ప్యోంగ్‌చాంగ్ ఐసు దాకా: యున్ సుంగ్‌బిన్ కథ

(విజువల్: తెల్లవారుజాము, అలిపిరి. మెట్లెక్కుతున్న జనం. దూరంగా దీపాలతో గాలిగోపురం.)

నమస్కారమండీ. తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. ఇది మన అలిపిరి మెట్ల దారి. 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. గాలిగోపురం చేరేసరికి తొడలు ఎలా మండుతాయో ఎక్కినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఈరోజు నేను చెప్పబోయే మనిషి బలమంతా ఆ తొడల్లోనే ఉంది. పేరు యున్ సుంగ్‌బిన్, దేశం దక్షిణ కొరియా. తన దేశంలోనే, ప్యోంగ్‌చాంగ్‌లో జరిగిన 2018 వింటర్ ఒలింపిక్స్‌లో స్కెలిటన్ అనే ఆటలో బంగారు పతకం గెలిచాడు. ఐసు ట్రాక్ మీద జారే ఆటలు మూడున్నాయి: బోర్లా పడుకుని జారే స్కెలిటన్, వెల్లకిలా పడుకుని జారే ల్యూజ్, కూర్చుని జారే బాబ్‌స్లెడ్. ఆ మూడింట్లో కలిపి ఆసియాకు వచ్చిన మొదటి ఒలింపిక్ పతకం అదే.

(విజువల్: కొండ దిగుతున్న బస్సు లోపలి నుంచి ఘాట్ రోడ్డు మలుపులు.)

ముందు ఆట ఏంటో చూద్దాం. కొండ దిగే బస్సులో ముందు సీట్లో కూర్చున్నారా ఎప్పుడైనా? మలుపు రాగానే ఒళ్ళు ఒక పక్కకు ఒరిగిపోతుంది, చెయ్యి దానంతట అదే కమ్మీని పట్టుకుంటుంది. ఇప్పుడు ఆ రోడ్డంతా గట్టి ఐసు అనుకోండి. రెండు పక్కలా ఐసు గోడలు. బస్సు లేదు. ఒక మనిషి చిన్న ఉక్కు స్లెడ్ మీద, అంటే జారుడు బండి మీద, బోర్లా పడుకుని, తల ముందుకు పెట్టి జారిపోతున్నాడు. గడ్డం ఐసుకు ఆనీ ఆనకుండా ఉంటుంది. వేగం గంటకు 120 కిలోమీటర్ల పైమాటే. బ్రేకు లేదు, స్టీరింగ్ లేదు.

మరి మలుపు ఎలా తిప్పుతారు? భుజంతో ఒక పక్క కొంచెం అదుముతారు, మోకాలితో కొంచెం నొక్కుతారు. స్లెడ్ కింద ఉన్న రెండు ఉక్కు కడ్డీలు ఆ మేరకు దారి మార్చుకుంటాయి. మరీ తప్పనిసరైతే బూటు కొన ఐసుకు తాకిస్తారు, కానీ తాకించిన ప్రతిసారీ వేగం పోతుంది. పెద్ద మలుపుల్లో తల బరువు నాలుగైదు రెట్లు అయినట్టు ఉంటుంది, మెడ లేవదు. అందుకే దారి కంఠతా వచ్చి ఉండాలి. ప్యోంగ్‌చాంగ్ ట్రాక్‌లో మలుపులు 16. రేసుకు ముందు ఆటగాళ్ళు కళ్ళు మూసుకుని, తల అటూ ఇటూ వంచుతూ కనిపిస్తారు. పరీక్షకు ముందు పిల్లలు పద్యం అప్పజెప్పుకున్నట్టు ఒక్కో మలుపునూ వల్లెవేసుకుంటారు.

(విజువల్: ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌లో ఉదయం పరుగు తీస్తున్న పిల్లలు. స్లో మోషన్‌లో స్టార్ట్.)

నాకు ఈ ఆటలో అన్నిటికంటే ఇష్టమైనవి మొదటి ఐదు సెకన్లు. మేకులున్న బూట్లు వేసుకుని, నడుము పూర్తిగా వంచి, చేత్తో స్లెడ్‌ను తోస్తూ ఐసు మీద పరిగెడతారు. పాతిక ముప్పై మీటర్లు అలా పరిగెత్తి, ఒక్క దూకుతో దాని మీద పడుకుంటారు. ఆ తర్వాత తనంతట తాను వేగం పెంచుకునే మార్గం మనిషికి లేదు. మిగతా పనంతా వాలు చూసుకుంటుంది, మనిషి దాన్ని పోగొట్టుకోకుండా కదలకుండా పడుకోవాలి. అంటే స్కెలిటన్ సగం పరుగు పందెం. ఇది గుర్తుంచుకోండి, యున్ కథ మొత్తం దీని మీదే నడుస్తుంది.

రూల్స్ కూడా గట్టివే. స్లెడ్ కడ్డీలను వేడి చేస్తే ఇంకా బాగా జారుతుంది కాబట్టి అది నిషేధం, రేసు ముందు అధికారులు కడ్డీల ఉష్ణోగ్రత కొలుస్తారు. బరువుకూ పరిమితి ఉంది. సెకనును నూరు వంతులు చేసి టైమ్ లెక్కిస్తారు. ఒలింపిక్స్‌లో రెండు రోజుల్లో నాలుగుసార్లు దిగాలి, నాలుగు టైములూ కూడతారు.

(విజువల్: కొరియా మ్యాప్. దక్షిణ తీరంలో నమ్హే మీద చుక్క. అక్కడి నుంచి సియోల్‌కు గీత.)

యున్ 1994లో నమ్హేలో పుట్టాడు. కొరియా దక్షిణ కొసన సముద్రం ఒడ్డు ఊరు, చలి తక్కువ. హైస్కూల్ సియోల్‌లో. 2012 దాకా అతనికి స్కెలిటన్ అంటే ఏంటో తెలియదు. ఎత్తు 178 సెంటీమీటర్లు, బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ళలో పొడుగేమీ కాదు. కానీ ఎగిరితే రింగు అందేది. అది స్కూల్ పీఈటీ సారు కంట్లో పడింది. ఈ కుర్రాడి కాళ్ళు స్కెలిటన్‌కు పనికొస్తాయని ఆయన సెలెక్షన్‌కు పంపారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. ఈ విషయం తెలిసినప్పుడు నాకు మా పీఈటీ సారు గుర్తొచ్చారు. ఖోఖోలో ఒక అమ్మాయి స్తంభం దగ్గర తిరిగే తీరు చూసి, "నువ్వు రేపట్నుంచి లాంగ్‌జంప్‌కు రామ్మా" అన్నారు. మాకెవరికీ అర్థం కాలేదు. ఆ ఏడాది ఆ అమ్మాయి జిల్లా మీట్‌కు వెళ్ళింది. ఒక ఆటలో ఉన్న పిల్లలో ఇంకో ఆటను చూడగలగడం చాలా పెద్ద విద్య అని నాకప్పుడు తెలియదు.

కొరియాలో ఆ చూపు వెనక ఇంకో మనిషి కూడా ఉన్నారు, ప్రొఫెసర్ కాంగ్ క్వాంగ్‌బే. 1998లో ల్యూజ్, 2002లో, 2006లో స్కెలిటన్, 2010లో బాబ్‌స్లెడ్. జారే ఆటలు మూడింట్లోనూ ఒలింపిక్స్ ఆడారు. పతకం రాలేదు. కానీ ఐసు ట్రాకే లేని దేశంలో ఈ ఆటలకు పునాది వేసిన చెయ్యి ఆయనదే. యున్ మొదలుపెట్టినప్పుడు కొరియాలో ఉన్నది చక్రాల స్లెడ్‌ను పట్టాల మీద తోస్తూ స్టార్ట్ ప్రాక్టీస్ చేసే దారి మాత్రమే. ఐసు కావాలంటే అమెరికా, కెనడా, యూరప్ వెళ్ళాలి. ప్యోంగ్‌చాంగ్‌లో ట్రాక్ తయారైంది 2016లో.

బరువుంటే వాలులో వేగం పెరుగుతుంది. యున్ సన్నగా ఉండేవాడు. తిండి పెంచి, వెయిట్స్ ఎత్తి, పది కిలోలకు పైగా బరువు పెంచాడు. అదీ పరుగు తగ్గకుండా. జిమ్‌కు వెళ్ళేవాళ్ళకు తెలుసు, ఈ రెండూ కలిపి సాధించడం ఎంత కష్టమో.

2014 సోచి ఒలింపిక్స్‌లో 16వ స్థానం. ఆట మొదలుపెట్టి రెండేళ్ళు కూడా నిండలేదు. 2016 ఫిబ్రవరిలో స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మోరిట్జ్‌లో మొదటి వరల్డ్ కప్ రేసు గెలుపు. వరల్డ్ కప్ అంటే సీజన్ పొడవునా వేర్వేరు ట్రాకుల మీద జరిగే రేసుల వరస. అదే నెలలో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రజతం.

(విజువల్: లాత్వియా జెండా. సిగుల్డా ట్రాక్.)

అప్పటికి ఈ ఆటకు రాజు మార్టిన్స్ డుకుర్స్. లాత్వియా మనిషి, నాన్నే కోచ్, అన్న కూడా ఇదే ఆట. 2010 నుంచి 2017 దాకా వరసగా ఎనిమిది సీజన్లు వరల్డ్ కప్ టైటిల్ అతనిదే. ఒలింపిక్ బంగారం మాత్రం దక్కలేదు, 2010లో రజతం, 2014లో రజతం. ఆ ఎనిమిదేళ్ళ వరసను 2017-18 సీజన్‌లో తెంచింది యున్. ఏడు రేసులు ఆడాడు. ఐదు గెలిచాడు, రెండింట్లో రెండో స్థానం.

ఈ లెక్క ఎందుకు చెప్తున్నానంటే, ప్యోంగ్‌చాంగ్ గెలుపును సొంత ట్రాక్ పుణ్యమని కొట్టిపారేసేవాళ్ళు ఉన్నారు. సొంత ట్రాక్ కలిసొచ్చిన మాట నిజమే, అక్కడ అతను మిగతావాళ్ళకంటే ఎన్నో ఎక్కువసార్లు జారాడు. కానీ ఆ ఐదు గెలుపులూ పరాయి ట్రాకుల మీదివి.

(విజువల్: స్క్రీన్ మీద నాలుగు టైములు ఒక్కొక్కటిగా.)

2018 ఫిబ్రవరి 15, 16. ముఖం మీద ఐరన్ మ్యాన్ బొమ్మ ఉన్న హెల్మెట్. మొదటిసారి 50.28 సెకన్లు, ట్రాక్ రికార్డు. రెండోసారి 50.07, తన రికార్డు తనే చెరిపాడు. మూడోసారి 50.18. నాలుగోసారికి ముందే ఆధిక్యం సెకను దాటింది, జాగ్రత్తగా దిగినా బంగారం వచ్చేది. అతను 50.02లో దిగాడు. మళ్ళీ రికార్డు. నాకు ఆ నాలుగో రన్ అంటే ప్రాణం.

మొత్తం 3 నిమిషాల 20.55 సెకన్లు. రెండో స్థానంలో ఉన్న రష్యా ఆటగాడు త్రెగుబొవ్ కంటే 1.63 సెకన్లు ముందు. ఒలింపిక్ స్కెలిటన్‌లో అంత తేడాతో అంతకుముందు ఎవరూ గెలవలేదు. ఆ రోజు రెండో మనిషికీ, మూడో మనిషికీ మధ్య తేడా 0.02 సెకన్లు. ఆ మూడో మనిషికి 0.11 సెకన్లు వెనక, నాలుగో స్థానంలో, పతకం లేకుండా డుకుర్స్. అతని కోసం కూడా నాకు బాధేసింది.

ఫిబ్రవరి 16 కొరియా వాళ్ళకు కొత్త సంవత్సరం. పిల్లలు పెద్దలకు మోకాళ్ళ మీద వంగి దండం పెట్టే పండగ. గెలిచాక యున్ అక్కడే మోకరించి, స్టాండ్స్‌లో ఉన్న జనానికి అలాగే దండం పెట్టాడు. మన ఇళ్ళల్లో పండగనాడు పెద్దల కాళ్ళకు మొక్కినట్టే అనిపించింది.

ఆ తర్వాత 2019 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో 12వ స్థానం.

(విజువల్: హిమాచల్ కొండ రోడ్డు. చక్రాల స్లెడ్ మీద వెల్లకిలా పడుకుని దిగుతున్న మనిషి, బొమ్మగా.)

ఇంకో మాట. యున్ గెలవడానికి కొద్ది రోజుల ముందు, అదే ట్రాక్ మీద, అవే 16 మలుపుల్లో మన భారతీయుడు ఒకాయన తన ఆరో ఒలింపిక్స్, చివరి ఒలింపిక్స్ ఆడారు. శివ కేశవన్, మనాలి దగ్గరి మనిషి, ఆట ల్యూజ్. స్లెడ్‌కు చక్రాలు బిగించుకుని, హిమాలయాల రోడ్ల మీద లారీల మధ్య ప్రాక్టీస్ చేసి, 16 ఏళ్ళకే 1998 నగానో ఒలింపిక్స్‌కు వెళ్ళారు. వచ్చే వీడియో ఆయన గురించే. దాన్ని ఘాట్ రోడ్డు దగ్గరే షూట్ చేస్తాను.