ఇంట్లో సీఎన్‌సీ లేత్ కట్టుకోవాలంటే: సామాను కొనేముందు వేసుకునే ప్లాన్

నమస్తే అండీ. ఇంట్లో సొంతంగా చిన్న సీఎన్‌సీ లేత్, అంటే కంప్యూటర్ నడిపే లేత్, కట్టుకోవాలి అనుకునేవాళ్ల కోసం ఈ వీడియో. ఈరోజు ఒక్క బోల్టు కూడా బిగించం. ఇదిగో ఈ స్ప్రెడ్‌షీటు, ఒక పెన్ను, అంతే. ఏం కొనాలి, ఏది ముందు కొనాలి, అది తేల్చుకుందాం.

మొదటి గడిలో ఏం రాశానో చూడండి. థ్రెడ్లు, అంటే బోల్టు మీద ఉండే మరలు, కొడతామా, కొట్టమా? సైజు తర్వాత, బడ్జెట్ తర్వాత, ముందు ఇది. ఎందుకంటే మోటార్లను నడిపించే కంట్రోలర్ ఏది, స్పిండిల్ (ముక్కని తిప్పే ఇరుసు) వెనకాల ఎంత చోటు వదలాలి, ఇవన్నీ దీన్ని బట్టే. నా మటుకు నాకు థ్రెడ్ కావాల్సిందే. సొంత లేత్ ఉండి కూడా థ్రెడ్ కోసం జాబ్, అంటే కోయాల్సిన ముక్క, పట్టుకుని బయట షాపుకి ఎందుకు వెళ్లాలి చెప్పండి? సరే, కొడతాం అనుకునే ముందుకెళ్దాం.

బెడ్, అంటే లేత్ మొత్తం కూర్చునే అడుగు. పాత లేత్ బెడ్ దొరికితే తీసేసుకోండి. రాజ్‌కోట్, బటాలా లేత్‌లు మన వర్క్‌షాపుల్లో బోలెడు. పోత ఇనుము బరువుగా ఉంటుంది, అదురు తక్కువ. జాబ్‌ని పట్టుకునే చక్ దగ్గర అరుగుదల ఎంతుందో మాత్రం చూడాలి, ఎందుకంటే పని అంతా జరిగేది అక్కడే. స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి, కింద ఫీలర్ గేజ్ దూర్చి... ఇలా, చూశారుగా. స్టీల్ ఫ్రేమ్ వెల్డింగ్ చేయించి లీనియర్ రైల్స్ వేస్తారా, అదీ బాగుంటుంది. కాకపోతే వెల్డింగ్ అయ్యాక స్ట్రెస్ రిలీవింగ్ (వెల్డింగ్ వల్ల లోపల పడ్డ బిగుతు పోగొట్టడం) చేయించి, రైల్ కూర్చునే చోటు ఆ తర్వాత మెషినింగ్ చేయించాలి. నేనైతే పాత బెడ్ వైపే.

యాక్సిస్‌లు తెలిసినవే. బెడ్ పొడవునా జెడ్, అడ్డంగా ఎక్స్. వాటిని జరిపేది బాల్‌స్క్రూ. జెడ్‌కి 1605, అంటే 16 ఎంఎం లావు, 5 ఎంఎం పిచ్. ఎక్స్‌కి 1204. దాన్ని తిప్పే స్టెప్పర్ మోటారు ఒక చుట్టుకి 200 స్టెప్పులు, డ్రైవర్‌లో ఒక్కో స్టెప్పుని 8 మైక్రోస్టెప్పులుగా పెడితే 1600. జెడ్ మీద ఎంఎంకి 320, ఎక్స్ మీద 400. ఫార్ములా గడిలో ఉంది, మీ నంబర్లు వేసుకోండి.

ఎక్స్ దగ్గర ఒక్క మాట. స్క్రూలో 0.05 ఎంఎం బ్యాక్‌లాష్ (లూజు) ఉంటే జాబ్ డయామీటర్‌లో 0.1 తేడా వస్తుంది, రెట్టింపు. అందుకే డబ్బులు తక్కువైతే జెడ్ స్క్రూ మామూలుది తీసుకోండి, ఎక్స్ స్క్రూ మాత్రం మంచిది కొనండి.

అన్నట్టు, రేటు రాసుకున్న ప్రతిసారీ పక్క గడిలో తేదీ వేయండి. కంట్రోల్ నొక్కి సెమీకోలన్ కొడితే ఈరోజు తేదీ పడిపోతుంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడిగిన బేరింగ్ రేటు రెండు నెలల తర్వాత అదే ఉంటుందని చెప్పలేం.

స్పిండిల్ మోటారు. త్రీ ఫేజ్ మోటారు, దానికి వీఎఫ్‌డీ, అంటే మోటారు స్పీడు మార్చే డ్రైవ్. ఇంటి సింగిల్ ఫేజ్ మీద నడిచే వీఎఫ్‌డీ బయటికి ఇచ్చేది కూడా 230 వోల్టులే, 415 ఇవ్వదు. మన దగ్గర 1 హెచ్‌పీ మోటార్లు ఎక్కువగా 415కి స్టార్‌లో ఉంటాయి. స్టార్, డెల్టా అంటే లోపలి వైండింగ్‌లను కలిపే రెండు పద్ధతులు. డెల్టాకి మార్చుకుంటే 230కి సరిపోతుంది. కానీ మార్చాలంటే టెర్మినల్ బాక్సులో ఆరు వైర్లు ఉండాలి. మూడే ఉంటే స్టార్ జాయింట్ లోపల వైండింగ్‌లో ఉన్నట్టు. కొనేముందు మూత తీయించి చూడండి. రెండు మెట్ల పుల్లీ కూడా పెట్టుకోండి. వీఎఫ్‌డీతో బాగా స్పీడు తగ్గిస్తే మోటారు పవర్ తగ్గుతుంది, దాని ఫ్యాన్ కూడా నెమ్మదిస్తుంది, వేడెక్కుతుంది.

ఇప్పుడు ఎన్‌కోడర్, అంటే స్పిండిల్ ఎంత తిరిగిందో పల్స్‌లుగా చెప్పే సెన్సర్. ఇక్కడ నెమ్మదిగా వెళ్దాం, నాకు అన్నిటికంటే ఎక్కువ టైమ్ పట్టింది ఇక్కడే.

థ్రెడ్ ఒక్క కట్‌లో రాదు కదా. ఏడెనిమిది, పది పాస్‌లు పడతాయి. ప్రతి పాస్‌లోనూ టూల్ అదే గాడిలో దిగాలి. అంటే చక్ ఏ కోణంలో ఉన్నప్పుడు మొదటి పాస్ మొదలైందో, రెండోదీ అదే కోణంలో మొదలవ్వాలి. ఆ కోణం చెప్పేది ఎన్‌కోడర్‌లోని ఇండెక్స్ పల్స్, చుట్టుకి ఒక్కటే వస్తుంది. ఇండెక్స్ లేకపోతే రెండో పాస్ ఎక్కడో దిగి మొదటి గాడిని కోసేస్తుంది. ఇక ఏ, బీ పల్స్‌లు, ఇవి చుట్టంతా వరసగా వస్తూనే ఉంటాయి. కట్ పడగానే స్పిండిల్ కొంచెం నెమ్మదిస్తుంది. ఆ సంగతి వీటి ద్వారానే కంట్రోలర్‌కి తెలుస్తుంది, జెడ్‌ని కూడా అంతే నెమ్మదిగా నడిపిస్తుంది.

ఈ బొమ్మ చూడండి. స్పిండిల్ పుల్లీ, ఎన్‌కోడర్ పుల్లీ, రెండిటికీ ఒకే పళ్ల లెక్క. టైమింగ్ బెల్ట్ వేయాలి, వీ బెల్ట్ జారుతుంది. ఎన్‌కోడర్ పుల్లీని సగం సైజు పెట్టారనుకోండి, స్పిండిల్ ఒక చుట్టు తిరిగేలోగా ఎన్‌కోడర్ రెండు తిరుగుతుంది. ఇండెక్స్ రెండుసార్లు వస్తుంది. ఒక పాస్ ఈ వైపు నుంచి, ఇంకో పాస్ సరిగ్గా ఎదురు వైపు నుంచి మొదలవ్వచ్చు. వైరింగ్ కరెక్టు, కోడ్ కరెక్టు, అయినా థ్రెడ్ పాడవుతుంది. మళ్లీ చెప్తున్నాను, ఒకటికి ఒకటి. స్పిండిల్ వెనకాల ఆ పుల్లీకి చోటు ఇప్పుడే డ్రాయింగ్‌లో పెట్టేయండి. బేరింగులు కూర్చోబెట్టాక అక్కడ పుల్లీ దూర్చడం చాలా కష్టం.

ఎన్‌కోడర్ వైర్లు షీల్డెడ్ కేబుల్‌లో రావాలి, మోటారు కేబుల్‌కి దూరంగా. వీఎఫ్‌డీ నాయిస్ ఇందులోకి దూరిందంటే దొంగ పల్స్‌లు లెక్కలో కలుస్తాయి.

కంట్రోలర్‌కి వద్దాం. ఆర్డుయినో అనే చిన్న బోర్డు మీద నడిచే మామూలు జీఆర్‌బీఎల్ ప్రోగ్రాము చెక్క కోసే సీఎన్‌సీ రూటర్‌కి బ్రహ్మాండంగా ఉంటుంది. స్పిండిల్‌తో కలిపి జెడ్‌ని నడపడం మాత్రం అందులో లేదు. నా ఓటు లినక్స్‌సీఎన్‌సీ అనే ప్రోగ్రాముకి. ఉచితం, పాత కంప్యూటర్ చాలు. థ్రెడ్ పాస్ వేసే జీ33 కమాండ్ ఉంది, పాస్‌లన్నీ తనే వేసే జీ76 ఉంది. జీ7 కొడితే ఎక్స్ డయామీటర్‌లో చదువుతుంది. డ్రాయింగ్‌లో 20 ఉంటే 20 అనే రాస్తాం, హాయిగా ఉంటుంది.

పాత కంప్యూటర్ వెనకాల ఉండే ప్యారలల్ పోర్టుతో సరిపెడదామంటే పల్స్‌ల లెక్క చూసుకోండి. చుట్టుకి 1024 పల్స్‌ల ఎన్‌కోడర్, 1000 ఆర్‌పీఎం. సెకనుకి 17,000 పల్స్‌లు, ఏ, బీ రెండిటి అంచులన్నీ లెక్కపెడితే 68,000 దాటుతుంది. పోర్టుకి అంత వేగం అందదు. 100 పల్స్‌ల ఎన్‌కోడర్ అయితే నడిచిపోతుంది. లేదంటే మెసా కార్డు వేసుకోండి, లెక్క అంతా కార్డే చూసుకుంటుంది. నేను మెసాయే వాడతాను.

టూలింగ్, గబగబా. టరెట్, అంటే తిరిగి టూల్ మార్చే తల, దాని జోలికి ఇప్పుడే వద్దు. క్రాస్‌స్లయిడ్ మీద ప్లేటు వేసి నాలుగు టూల్స్ వరసగా బిగించండి, గ్యాంగ్ టూలింగ్ అంటాం. టూల్ మార్చాలంటే ఎక్స్ పక్కకి జరిగితే చాలు. ఎమర్జెన్సీ స్టాప్, చక్ గార్డు షీటులో ఎర్ర రంగు గడుల్లో ఉన్నాయి, వాటిని బడ్జెట్ కోసం తీసేయకండి.

చివరి పని, పైసా ఖర్చు లేనిది. పాత కంప్యూటర్‌లో లినక్స్‌సీఎన్‌సీ వేసి లేటెన్సీ హిస్టోగ్రామ్, అంటే కంప్యూటర్ ఎంత ఆలస్యం చేస్తుందో చూపే టెస్ట్, ఓపెన్ చేయండి. ఇదిగో, ఇలా. బ్రౌజర్ తెరవండి, ఒక వీడియో ప్లే చేయండి, పెద్ద ఫైల్ ఒకటి కాపీ పెట్టండి, గంటసేపు అలా నడవనివ్వండి. మ్యాక్స్ జిట్టర్, అంటే టైమింగ్‌లో వచ్చిన అతి పెద్ద తేడా, ఎంతొచ్చిందో షీటులో రాసుకోండి. వచ్చే వీడియోలో ఆ నంబరు పెట్టుకుని కార్డు సెలెక్ట్ చేద్దాం.