కూపర్స్‌టౌన్‌కు ఏ లెక్కలు దారి చూపాలి?

సభకు నమస్కారం.

అమెరికన్ బేస్‌బాల్‌లో అత్యున్నత గౌరవం హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు. ఆ చోటుకు అర్హుడెవరో తేల్చేటప్పుడు ఆటగాడి రికార్డులో ఏ అంకెలను చూడాలి, ఏ అంకెలకు ఇన్నాళ్లూ ఇచ్చిన విలువను తగ్గించాలి అన్నది ఈరోజు నా ప్రసంగ విషయం. మనలో చాలామంది క్రికెట్ స్కోర్లు చదువుతూ పెరిగి, ఇక్కడికి వచ్చాక పిల్లల కోసం బేస్‌బాల్ మైదానాల పక్కన కుర్చీలు వేసుకుని కూర్చున్నవాళ్లమే కాబట్టి ఈ చర్చ మనకు పరాయిది కాదు. బేస్‌బాల్ గణాంకాలకు పునాది వేసిన హెన్రీ చాడ్విక్ కూడా ఇంగ్లండ్‌లో పుట్టి, అమెరికాలో క్రికెట్ వార్తలు రాసిన విలేఖరే.

ముందుగా నిబంధనలు. న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌లో ఉన్న ఈ సంస్థకు 1936లో తొలి ఎన్నిక జరిగింది. కనీసం 10 సీజన్లు ఆడి, విరమించి 5 ఏళ్లు గడిచిన ఆటగాళ్లకు సీనియర్ బేస్‌బాల్ విలేఖరులు ఓటు వేస్తారు. ఒక్కొక్కరు 10 పేర్లకు మించి రాయకూడదు. 75 శాతం ఓట్లు వస్తే ప్రవేశం, 5 శాతం కూడా రాకపోతే పేరు జాబితా నుంచి తొలగింపు. ఈ రెండింటి మధ్య ఉన్న పేరు ఒకప్పుడు 15 ఏళ్ల దాకా జాబితాలో ఉండేది, 2014లో దాన్ని పదేళ్లకు తగ్గించారు, అప్పటికే పదేళ్లు దాటినవారిని మినహాయించి. రికార్డు, ఆటలో సామర్థ్యం, నిజాయతీ, క్రీడాస్ఫూర్తి, శీలం, జట్టుకు చేసిన సేవ చూడాలని నిబంధన చెబుతుంది. ఏ ఒక్క ఘనత వల్లా ప్రవేశం దానంతట అదే లభించదని కూడా స్పష్టంగా రాసి ఉంది.

రాత అలా ఉన్నా, ఆచరణలో మూడు గుండ్రని సంఖ్యలు చాలాకాలం రాజ్యమేలాయి. బ్యాటర్‌కు 3,000 హిట్లు (బంతిని కొట్టి అవుట్ కాకుండా బేస్, అంటే పరుగు దారిలోని మజిలీ, చేరిన సందర్భాలు) లేదా 500 హోమ్ రన్‌లు (మన సిక్సర్ల లాంటివి), బంతి విసిరే పిచర్‌కు 300 విజయాలు (జట్టు గెలుపు ఆయన ఖాతాలో రాసిన మ్యాచ్‌లు). 287 విజయాలు, 3,701 స్ట్రైక్ అవుట్‌లు (బ్యాటర్‌ను మూడు స్ట్రైక్‌లతో అవుట్ చేసినవి) ఉన్న బర్ట్ బ్లైలెవెన్ 2011 దాకా, అంటే 14వ ఎన్నిక దాకా ఆగవలసి వచ్చింది. ఇంకో 13 విజయాలు ఉండి ఉంటే ఆయన మెరుగైన పిచర్ అయ్యేవాడా? ఆ 13 కోసం అన్నేళ్లు ఆపడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ వాదనకు నాకు తెలిసిన అత్యంత స్పష్టమైన ఉదాహరణ టోనీ గ్విన్, టిమ్ రెయిన్స్‌ల జంట. ఇద్దరూ దాదాపు ఒకే కాలంలో ఆడారు. బ్యాటింగ్‌కు ప్లేట్ దగ్గర నిలబడిన సందర్భాలు కూడా ఇద్దరికీ పది వేలకు పైనే, ఇంచుమించు సమానం. గ్విన్‌కు 3,141 హిట్లు, 0.338 బ్యాటింగ్ సగటు (క్రికెట్‌లోలా పరుగుల సగటు కాదు, కొట్టే అవకాశాల్లో హిట్ అయిన వంతు), లీగ్‌లో ఆ ఏటి అత్యధిక సగటుకు దక్కే బ్యాటింగ్ టైటిళ్లు ఎనిమిది. రెయిన్స్‌కు 2,605 హిట్లు, 0.294 సగటు. ఇక్కడితో ఆగితే పోలికే లేదనిపిస్తుంది, ఓటర్లకూ అలాగే అనిపించింది. గ్విన్‌కు 2007లో తొలి ప్రయత్నంలోనే 97.6 శాతం ఓట్లు వస్తే, మరుసటి ఏడాది రెయిన్స్‌కు 24.3 శాతమే వచ్చాయి.

కానీ ఒక జట్టుకు మ్యాచ్‌లో మామూలుగా దక్కేవి 27 అవుట్‌లే. అవుట్ కాకుండా బేస్‌కు చేరడమే బ్యాటర్ మొదటి పని. స్ట్రైక్ జోన్, అంటే బ్యాటర్ కొట్టదగిన హద్దు, బయట పడిన నాలుగు బంతులను ఓపికగా వదిలేసిన వాడు నడుచుకుంటూ మొదటి బేస్‌కు వెళతాడు, దాన్నే వాక్ అంటారు. చాడ్విక్ దాన్ని పిచర్ తప్పుగానే చూశాడు తప్ప బ్యాటర్ ప్రతిభగా లెక్కించలేదు. ఆ చూపు వంద సంవత్సరాలకు పైగా బ్యాటింగ్ సగటులో నిలిచిపోయింది. రెయిన్స్‌కు 1,330 వాక్‌లు ఉంటే గ్విన్‌కు 790 మాత్రమే. హిట్లు, వాక్‌లు, బంతి ఒంటికి తగిలి బేస్‌కు వెళ్లిన సందర్భాలు మొత్తం కూడితే గ్విన్ 3,955 సార్లు బేస్ చేరాడు, రెయిన్స్ 3,977 సార్లు. పైగా రెయిన్స్ 808 బేస్‌లు దొంగిలించాడు, అంటే హిట్ అవసరం లేకుండానే పరిగెత్తి తర్వాతి బేస్ చేరాడు, దొరికిపోయింది 146 సార్లే. గ్విన్ గొప్పతనాన్ని నేను తగ్గించడం లేదు, హిట్ వల్ల ముందున్న రన్నర్లు కదిలే దూరం వాక్ కంటే ఎక్కువ అన్నదీ నిజమే. అయినా ఒకరికి తొలి ఏడాదే తలుపులు తెరిచి, మరొకరిని పదో ఏట, ఆఖరి అవకాశంలో, 2017లో లోపలికి రానివ్వడానికి ఆ తేడా సరిపోదు. బ్యాటింగ్ సగటు ఉన్న చోట ఇకపై వాక్‌లను కూడా కలిపి బేస్ చేరిన వంతును చెప్పే ఆన్-బేస్ శాతం ఉండాలని నేను కోరేది అందుకే.

పిచర్ల విజయాల సంగతి ఇంతకంటే బలహీనం. బౌలర్ ఐదు వికెట్లు తీసినా తన జట్టు బ్యాటింగ్ కుప్పకూలినందుకు ఓటమిని ఆ బౌలర్ ఖాతాలోనే రాసినట్టు ఉంటుంది ఈ లెక్క. 2018లో న్యూయార్క్ మెట్స్ పిచర్ జేకబ్ డిగ్రామ్ తొమ్మిది ఇన్నింగ్స్‌కు, అంటే ఒక పూర్తి మ్యాచ్‌కు, ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి కాకుండా సగటున 1.70 పరుగులే ఇచ్చాడు, అయినా ఆయన ఖాతాలో 10 విజయాలు, 9 ఓటములు. ఆ ఏడాది ఆయనకు లీగ్‌లో ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు ఇచ్చి విలేఖరులు తమ పాత అలవాటును చక్కగా దిద్దుకున్నారు. పైగా పిచర్లను ఐదారు ఇన్నింగ్స్‌కే మార్చేసే ఈ రోజుల్లో 300 విజయాలు ఆశించడం అర్థరహితం. 2009లో రాండీ జాన్సన్ తర్వాత ఎవరూ ఆ గీత దాటలేదు.

ఇక్కడ కెరీర్ నిడివి కంటే శిఖర దశకు విలువ ఇవ్వాలన్న ప్రశ్న వస్తుంది. శాండీ కోఫాక్స్‌కు 165 విజయాలే ఉన్నా, 1962 నుంచి 1966 వరకు ఆయన బంతిని ఎవరూ సరిగా ఎదుర్కోలేకపోయారు గనుక 36 ఏళ్ల వయసుకే 1972లో ఎన్నికయ్యాడు. అది సరైన నిర్ణయం. అదే చూపుతో చూసి ఉంటే, రెండు సై యంగ్ అవార్డులు గెలిచి గాయాలవల్ల 139 విజయాల దగ్గర ఆగిపోయిన యోహాన్ సాంటానాకు 2018లో 2.4 శాతం ఓట్లు మాత్రమే వచ్చేవి కావు. ఆయన కోఫాక్స్‌తో సమానమని అనను, కానీ ఒక్క ఏడాది చర్చకే అర్హుడు అన్నట్టు పక్కన పెట్టడం నాకు బాధ కలిగించింది.

ఈ లోపాలకు మందుగా వచ్చిన కొలమానం వార్ (WAR). జట్టులో ఒక ఆటగాడి బదులు చవకగా దొరికే సాధారణ ఆటగాడు ఆడి ఉంటే వచ్చే ఫలితంతో పోల్చి, ఇతని వల్ల ఎన్ని విజయాలు అదనంగా వచ్చాయో అది అంచనా వేస్తుంది. బ్యాటింగ్, ఫీల్డింగ్, పరుగు, ఆడిన మైదానం అన్నీ అందులోకి వస్తాయి. సొంత మైదానమున్న డెన్వర్‌లో గాలి పలచన కనుక బంతి ఎక్కువ దూరం వెళుతుందన్న అనుమానం వెంటాడిన లారీ వాకర్‌కు 2020లో, పదో ఏట, న్యాయం జరగడంలో ఇలాంటి లెక్కల పాత్ర ఉంది. విశ్లేషకుడు జే జాఫీ రూపొందించిన జాస్ పద్ధతి మొత్తం కెరీర్ వార్‌ను, ఏడు అత్యుత్తమ సీజన్ల వార్‌ను కలిపి సగటు తీస్తుంది. నిడివికీ శిఖరానికీ రెంటికీ చోటిచ్చే ఈ పద్ధతి నాకు సబబుగా తోస్తుంది.

అయితే 300 విజయాలను దించి ఆ పీఠం మీద 60 వార్‌ను కూర్చోబెడితే మనం సాధించేది శూన్యం. రెండు ప్రముఖ వెబ్‌సైట్లు పిచర్ల వార్‌ను వేర్వేరు పద్ధతుల్లో లెక్కిస్తాయి. ఒకటి ఇచ్చిన పరుగుల నుంచి మొదలుపెడితే, మరొకటి స్ట్రైక్ అవుట్‌లు, వాక్‌లు, హోమ్ రన్‌ల నుంచి మొదలుపెడుతుంది. పాత తరం ఫీల్డింగ్ విలువలు అంచనాలే. కాబట్టి రెండు మూడు వార్ తేడాతో ఒకరిని అర్హుడనీ మరొకరిని కాదనీ తీర్పు చెప్పకూడదు.

అసలు లెక్కలే అసంపూర్ణంగా ఉన్నవారి సంగతి కూడా మరువకూడదు. వర్ణ వివక్ష కారణంగా మేజర్ లీగ్‌లకు దూరంగా ఉంచిన నల్లజాతి ఆటగాళ్లలో సాచెల్ పేజ్ 1971లో, జాష్ గిబ్సన్ 1972లో ఎన్నికైనప్పుడు, వారి పూర్తి స్కోర్లు ఎవరి దగ్గరా లేవు, చూసినవారి సాక్ష్యమే ఆధారం. ఆ ఆటగాళ్లు విడిగా ఆడిన నీగ్రో లీగ్‌ల గణాంకాలను 2024లో అధికారిక రికార్డుల్లో కలిపాక గిబ్సన్ 0.372 బ్యాటింగ్ సగటుతో అప్పటిదాకా ముందున్న టై కాబ్‌ను దాటి మొదటి స్థానానికి వచ్చాడు. సాక్ష్యం చెప్పినవారి మాట నిజమని అంకెలు అర్ధశతాబ్దం తర్వాత ఒప్పుకున్నాయి.

చివరగా నా ప్రతిపాదన 5 శాతం నిబంధన గురించి. డెట్రాయిట్ టైగర్స్‌కు లూ విటకర్, అలన్ ట్రామెల్ 1977లో ఒకే రోజు అరంగేట్రం చేసి, 19 సీజన్లు పక్కపక్కన ఆడారు. విటకర్ హిట్లు 2,369, ట్రామెల్ హిట్లు 2,365. వార్‌లో విటకరే కాస్త ముందున్నాడు. అయినా 2001లో విటకర్ 2.9 శాతం ఓట్లతో తొలి ఏడాదే జాబితా నుంచి పోయాడు, ట్రామెల్ 15 ఏళ్లు జాబితాలో నిలిచి, విలేఖరుల ఓటుతో ఎన్నిక కానివారిని పరిశీలించే కమిటీ ద్వారా 2018లో ప్రవేశించాడు. కొత్త లెక్కలు ఓటర్ల దాకా చేరడానికి సమయం పడుతుంది, రెయిన్స్, వాకర్‌ల విషయంలో ఆ సమయం దొరికింది, విటకర్‌కు దొరకలేదు. కనుక ఎన్ని ఓట్లు వచ్చినా ప్రతి అభ్యర్థినీ కనీసం మూడేళ్లు జాబితాలో ఉంచాలి, 10 పేర్ల పరిమితిని ఎత్తివేయాలి, విటకర్ పేరును సంబంధిత కమిటీ మళ్లీ పరిశీలనకు తీసుకోవాలి.