గూగీకి మాటలు నేర్పిన ఊరు

హోస్ట్: అందరికీ నమస్కారం. 2025 మే 28న కెన్యా రచయిత గూగీ వా థియాంగో అమెరికాలో కన్నుమూశారు. 87 ఏళ్లు. ఆ వార్త చదివిన రోజున, నేను రాస్తున్న కథ ఒకటి సగంలో ఆపేశాను. ఎందుకో తర్వాత చెప్తాను. ఈ రోజు నాతో మా హైస్కూల్ తెలుగు మాస్టారు ఉన్నారు. గూగీ పేరు నేను మొదట విన్నది ఆయన నోటే. మాస్టారూ, నమస్కారం.

మాస్టారు: నమస్కారం అమ్మా. నేను ఆయన్ని చదివింది తెలుగులోనే. వరవరరావు గారు 1980ల్లో జైల్లో ఉండగా అనువాదం చేశారు, 'మట్టికాళ్ల మహారాక్షసి'. గూగీ అక్కడ జైల్లో కూర్చుని రాసిన నవల, ఇక్కడ ఇంకో జైల్లో తెలుగైంది. ఆ సంగతి తెలిశాకే పుస్తకం చేతిలోకి తీసుకున్నాను. రెండు రాత్రుల్లో అయిపోయింది.

హోస్ట్: ఆ జైలు దాకా ఎలా వచ్చారో మొదట్నుంచీ చెప్పుకుందాం. పుట్టింది 1938లో, లిమూరు దగ్గర కమిరీథు అనే ఊళ్లో. అప్పుడు కెన్యా బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉంది. తండ్రికి నలుగురు భార్యలు, ఇంటినిండా పిల్లలు. చదువుకుంటావా అని అడిగి బడికి పంపింది తల్లి.

మాస్టారు: ఆవిడకి చదవడం, రాయడం రాదు. కానీ మార్కులు చెప్పినప్పుడల్లా ఒకటే మాట అడిగేదట. నువ్వు చెయ్యగలిగింది ఇంతేనా, ఇంకా బాగా చెయ్యగలవా అని. నూటికి నూరు వచ్చినా అదే ప్రశ్న. నేను ముప్ఫై ఏళ్లు పిల్లలకి మార్కులు వేశాను కదమ్మా, అంత మంచి ప్రశ్న నాకు ఒక్కసారీ తట్టలేదు.

హోస్ట్: బడిలో ఇంకో సంగతి ఉంది. 1952లో బ్రిటిష్ వాళ్లు కెన్యాలో ఎమర్జెన్సీ పెట్టాక బడులు ప్రభుత్వం చేతిలోకి పోయాయి. అప్పట్నుంచి బడి ఆవరణలో తమ ఇంటి భాష గికుయు మాట్లాడితే బెత్తం దెబ్బలు. లేకపోతే మెడలో ఒక లోహపు పలక వేలాడదీసేవారు, 'నేను గాడిదని' అని రాసి. ఎవరు మాట్లాడారో పట్టుకోవడానికి పొద్దున్నే ఒక పిల్లాడి చేతికి ఒక గుండీ ఇచ్చేవారు. తన పక్కన ఎవరైనా ఇంటి భాష మాట్లాడితే వాడికి ఆ గుండీ అందించాలి. సాయంత్రానికి అది ఎవరి చేతిలో ఉంటే వాణ్ణి, ఇది నీకు ఎవరిచ్చారు, వాడికి ఎవరిచ్చారు అని అడుగుతూ వెనక్కి లాగుతూ పోతే మొత్తం దొరికిపోయేవారు.

మాస్టారు: అంటే పిల్లల చేతే పిల్లల మీద నిఘా.

హోస్ట్: అది చదువుతుంటే నాకు మా ప్రైమరీ స్కూల్ గుర్తొచ్చింది. తెలుగులో మాట్లాడితే రూపాయి ఫైన్. పేరు రాసేది క్లాస్ లీడర్. ఒక ఏడాది ఆ లీడర్‌ని నేనే. నా పక్క బెంచీలో ఒక అమ్మాయి ఉండేది, వాళ్ల నాన్న రిక్షా తొక్కేవాడు. దాని పేరు వారంలో మూడుసార్లు రాశాను. నాకు ఇప్పటికీ ఆ నోట్‌బుక్ అట్ట రంగు గుర్తుంది, నీలం.

మాస్టారు: నువ్వు అప్పుడు చిన్నపిల్లవమ్మా.

హోస్ట్: తెలుసు మాస్టారూ. అయినా గుర్తుంది.

మాస్టారు: అలాంటి బడిలో చదివిన పిల్లాడు ఇంగ్లీషులో పెద్ద రచయిత అయ్యాడు. 1964లో మొదటి నవల, ఆ తర్వాత ఇంకో మూడు. నైరోబీ యూనివర్సిటీలో ప్రొఫెసర్. అక్కడితో ఆగినా ఆయన పేరు నిలిచేది. కానీ 1977లో ఏం చేశాడు? సొంత ఊరికి వెళ్లి, అక్కడి రైతులతో, కూలీలతో కలిసి గికుయు భాషలో నాటకం వేయించాడు.

హోస్ట్: 'గాహికా ఎందేండా'. నాకు నచ్చినప్పుడు పెళ్లి చేసుకుంటాను అని అర్థం. గూగీ వా మిరీ అనే ఇంకో రచయితతో కలిసి రాశారు. రెండువేల మంది కూర్చునే రంగస్థలాన్ని ఊరి జనమే కట్టుకున్నారు.

మాస్టారు: నన్ను పట్టుకున్నది ఆ రిహార్సల్స్ గురించి ఆయన రాసినది. రిహార్సల్ బహిరంగంగా జరిగేది, ఎవరైనా వచ్చి చూడొచ్చు. వచ్చినవాళ్లు ఊరికే చూసి పోయేవారు కాదు. ఈ మాట ముసలాయన నోట పలకదు, ఈ పాట ఇలా ఉండదు అని దిద్దేవారు. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు ఫ్యాక్టరీ సంగతులు సరిచేశారు. ప్రపంచమంతా చదివిన రచయిత పెన్ను పట్టుకుని కూర్చుని, వాళ్లు చెప్పింది రాసుకున్నాడు. తన అమ్మ భాష తనకి పూర్తిగా రాదని ఒప్పుకున్నాడు. అది ఎంత కష్టమో రాసేవాళ్లకి తెలుస్తుంది.

హోస్ట్: వారాల్లోనే నాటకాన్ని నిషేధించారు. డిసెంబరు ఆఖర్న ఇంటికొచ్చి గూగీని తీసుకుపోయారు. కమితి అనే జైలు. విచారణ లేదు. ఇన్నాళ్లు అని శిక్ష కూడా లేదు. ఎప్పుడు వదులుతారో తెలియకుండా దాదాపు ఏడాది.

మాస్టారు: అక్కడే టాయిలెట్ పేపర్ మీద ఆ నవల. ఆ కాగితం ఖైదీలని బాధపెట్టడానికే అన్నట్టు గరుగ్గా ఉండేదట. ఒంటికి పనికిరాని ఆ గరుకే పెన్నుకి బాగా కుదిరిందని ఆయనే రాశారు. మాట దొరక్కపోతే తోటి ఖైదీలు ఉన్నారు. వాళ్ల దగ్గర పాటలు, సామెతలు నేర్చుకున్నారు. అంటే కమిరీథులో ఊరి జనం చేసిన పనే జైల్లో వీళ్లు చేశారు.

హోస్ట్: ఒకరోజు సోదా జరిగి ఆ కాగితాలన్నీ పట్టుకుపోయారు కదా?

మాస్టారు: అవును. మూడు వారాల టెన్షన్. తర్వాత ఒక పెద్ద అధికారి తెచ్చి ఇచ్చేశాడు. ఇందులో తప్పేమీ కనబడలేదు, కానీ చాలా కష్టమైన గికుయు రాస్తున్నావు అన్నాడట. ఆ ఒక్క సంఘటన చాలమ్మా నాకు. దేశం స్వతంత్రమైంది, కానీ ఆ దేశపు భాషలో రాసింది అక్కడి అధికారికే కష్టంగా అనిపించింది.

హోస్ట్: విడుదలయ్యాక 1980లో అచ్చయింది. ఇళ్లల్లో ఒకరు చదివితే అందరూ చుట్టూ కూర్చుని వినేవారట. బార్లలో కూడా చదివేవారు. చదివేవాడి గ్లాసు ఖాళీ అయితే మంచి పట్టు మీద పుస్తకం మూసేసేవాడు, ఎవరో ఒకరు ఇంకో గ్లాసు పోయించేదాకా.

మాస్టారు: మన బుర్రకథ వాళ్లలాగే! చిన్నప్పుడు మా ఊళ్లో కథ సరిగ్గా కత్తి ఎత్తేచోట ఆపి పళ్లెం తిప్పేవారు.

హోస్ట్: మాస్టారూ, ఒక విషయం దాటేసి పోలేను. 2024లో ఆయన కొడుకు ముకోమా, ఆయనా రచయితే, తండ్రి తన తల్లిని కొట్టేవాడని బహిరంగంగా రాశారు. అది చదివాక గూగీ పుస్తకాన్ని కొన్ని నెలలు ముట్టుకోలేదు నేను.

మాస్టారు: నేనూ చదివాను. కొడుకు అలా రాయడం తేలిక కాదు. ఆయన ఫొటోకి దండ వేసి దేవుణ్ణి చెయ్యమని నేను ఎవరికీ చెప్పను. ఆ పుస్తకాలు నాకు ఇచ్చినదాన్ని లేదనలేను, ఆవిడ బాధనీ లేదనలేను. ఇది నాకు తేలలేదమ్మా. తేలినట్టు మాట్లాడటం నాకు ఇష్టం లేదు.

హోస్ట్: నాకూ తేలలేదు.

మాస్టారు: సరే, కథ సంగతి చెప్పు. ఎందుకు ఆపేశావు?

హోస్ట్: అది మా అమ్మమ్మ మీద రాస్తున్న కథ. పొద్దున్నే ఆవిడ పొయ్యి మీద పాలు పెట్టింది అని మొదలుపెట్టాను. గూగీ పోయిన వారం ఊరెళ్లి ఆ పేజీ ఆవిడకే చదివి వినిపించాను. పొయ్యి మీద ఎవరు పెట్టారే, పాలు దాలిలో కదా పెట్టేది అంది. నాకు ఆ మాటే తెలియదు. పెరట్లోకి తీసుకెళ్లి చూపించింది. ఇప్పుడు వాడటం లేదు, బూడిద నిండి ఉంది. అందులో పిడకలు ఎలా పేర్చాలో చేత్తో చూపించింది. మంట లేవకూడదు, సెగ మాత్రమే ఉండాలి. పొద్దున పెడితే సాయంత్రానికి పాలు ఎర్రగా కాగి, మీద మందంగా మీగడ కట్టేదట. ఆ మీగడ ఎంత మందమో వేళ్లతో చూపిస్తూ నవ్వింది.

మాస్టారు: మరి మొదటి వాక్యం మార్చావా?

హోస్ట్: మొదటి పేజీ మొత్తం మార్చాను. ఇప్పుడు మూడో పేజీలో ఉన్నాను.

మాస్టారు: దాలి మీద పెట్టే మూతని మీ వైపు ఏమంటారో అడిగావా?

హోస్ట్: అడగలేదు మాస్టారూ.

మాస్టారు: ఆదివారం వెళ్తున్నావు కదా, అడుగు. నాకూ ఫోన్ చేసి చెప్పు.