తప్పటడుగు పడితేనే ఆట రక్తి కడుతుందా?

(గుంటూరులో పిల్లల చదరంగం పోటీల ముగింపు సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. చదరంగం గ్రాండ్‌మాస్టర్లు హరికృష్ణ, హారిక పుట్టిన ఊరు ఇది. కృష్ణ దాటితే ఇంకో గ్రాండ్‌మాస్టర్ హంపి ఉండే విజయవాడ. ఇలాంటి చోట చదరంగం ఎలా ఆడాలో చెప్పబోతే హనుమంతుడి ముందు కుప్పిగంతులు వేసినట్టే. అందుకని ఆడటం జోలికి పోను. చూడటం గురించి మాట్లాడతాను. ఆ పనిలో నాకు చాలాకాలం అనుభవం ఉంది, రేటింగే లేదు.

పొద్దున హాలు బయట నిలబడ్డ తల్లిదండ్రుల్లో ఒకాయన నాతో ఒక మాటన్నారు. "ప్రపంచ ఛాంపియన్ల ఆటలు యూట్యూబులో పెడితే అరగంటకు నిద్రొస్తోందండీ. మా బుడ్డోడి ఆట కిటికీలోంచి చూస్తే మాత్రం బీపీ పెరిగిపోతోంది. మంత్రిని ఎప్పుడు పారేసుకుంటాడో వాడికే తెలీదు." పక్కనున్నవాళ్లు నవ్వారు. నిర్వాహకులు నాకిచ్చిన అంశం వేరే ఉంది. క్షమించాలి, దాన్ని పక్కన పెట్టి ఆయన మాటే పట్టుకుంటున్నాను. ఎత్తుకు పైఎత్తు వేసే ఆటల్లో ఆటగాళ్లు తప్పులు చేస్తేనే చూసేవాళ్లకు సరదానా? తప్పుల్లేని ఆట చప్పగా ఉంటుందా?

ముందు చప్పదనం సంగతి చూద్దాం. 2018 నవంబరులో లండన్‌లో మాగ్నస్ కార్ల్‌సన్, ఫాబియానో కరువానా ప్రపంచ టైటిల్ కోసం తలపడ్డారు. 12 ఆటలు. 12 కూడా డ్రా. మొదటి ఆటే 115 ఎత్తులు, ఏడు గంటలు. వాటిలో గొప్ప ఆటలు లేవనను. తెలిసినవాళ్లకు అందులో ఎంతో ఉంది. కానీ రోజూ సాయంత్రం కూర్చుని, రోజూ కరచాలనం చూసి లేచిన మామూలు ప్రేక్షకుడికి ఏం మిగిలింది? చివరికి ర్యాపిడ్ ఆటలు, అంటే తక్కువ సమయంలో ముగించాల్సినవి, పెడితే కార్ల్‌సన్ మూడుకు మూడూ గెలిచాడు.

ఇప్పుడు 2023 ఏప్రిల్, అస్తానా, అదే ప్రపంచ టైటిల్ పోటీ. డింగ్ లిరెన్, ఇయాన్ నెపోమ్నియాషి. 14 ఆటల్లో చెరో మూడు గెలిచారు. పన్నెండో ఆటలో నెపో ఒక పాయింటు ఆధిక్యంలో ఉన్నాడు, బోర్డు మీద కూడా గెలిచే స్థితిలోనే ఉన్నాడు. అప్పుడు ఆలోచించకుండా ఒక బంటును ముందుకు తోశాడు. అంతే, స్కోరు సమం. అలాగే 7-7 దాకా సాగి ర్యాపిడ్ చివరి ఆటకు చేరింది. అక్కడ డింగ్ డ్రాకు సరిపెట్టుకోకుండా, తన రాజుకు అడ్డంగా ఏనుగును పెట్టి, దాన్ని తానే కదలకుండా కట్టేసుకున్నాడు. వ్యాఖ్యాతలు నోరెళ్లబెట్టారు. ఆ ఆట గెలిచి ఛాంపియన్ అయ్యాడు. లండన్‌తో పోలిస్తే అస్తానాలో తప్పులు చాలా ఎక్కువ. జనం ఇప్పటికీ చెప్పుకునేది అస్తానా గురించే.

ఇక్కడితో ఆపేస్తే ఆ తండ్రిగారు చెప్పిందే ఖాయమైపోతుంది. సిద్ధాంతం కూడా ఆయన వైపే ఉంది. మన చదరంగం బోర్డు మీదే ఆడే చెకర్స్ అనే ఆటను కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో జొనాథన్ షేఫర్ బృందం కంప్యూటర్లతో పూర్తిగా ఛేదించి 2007లో ఫలితం ప్రకటించింది. ఇద్దరూ తప్పు చేయకపోతే ఆట డ్రా. అందులో ఇక రహస్యం లేదు. చదరంగాన్ని అలా ఎవరూ ఛేదించలేదు కానీ, కంప్యూటర్ ఇంజిన్ల మధ్య, అంటే చదరంగం ఆడే ప్రోగ్రాముల మధ్య, జరిగే పెద్ద పోటీలు చూడండి. వాటి ఇష్టానికి వదిలేస్తే డ్రాల మీద డ్రాలే. అందుకని నిర్వాహకులే ఒక పక్షానికి ఇబ్బందిగా ఉండే ప్రారంభపు ఎత్తులు ముందే వేసి, అక్కడి నుంచి ఆడుకోమంటారు. యంత్రాల చేత తప్పు చేయించలేక, తప్పు జరిగిపోయిన చోటి నుంచి ఆట మొదలుపెడుతున్నారన్నమాట! ఈ ఏర్పాటు మొదటిసారి తెలిసినప్పుడు నాకు భలే నవ్వొచ్చింది.

సరే, తప్పు లేకపోతే గెలుపు లేదు. అలాగని తప్పులు పెరిగేకొద్దీ సరదా పెరుగుతుందా? పెరగదు. ఏడేళ్లలోపు పిల్లల విభాగంలో మీ పిల్లాడు ఆడని బోర్డు దగ్గర పది నిమిషాలు నిలబడి చూడండి. ఇద్దరూ గుర్రాలు పోగొట్టుకుంటారు, ఎదుటివాడు పోగొట్టుకున్నది ఇద్దరికీ కనబడదు. రెండు నిమిషాలు ముద్దుగా ఉంటుంది. తర్వాత కాళ్లు టీ బండి వైపు లాగుతాయి. తప్పుకు శిక్ష పడని చోట ఆటలో ఉత్కంఠ పుట్టదు.

దీనికి ఎదురు ఉదాహరణ మీలో కుర్రాళ్లు చెప్పగలరు. 2020లో ఆన్‌లైన్‌లో చదరంగం కొత్తగా నేర్చుకున్న స్ట్రీమర్లకు, అంటే ఇంటర్నెట్లో లైవ్ వీడియోలు పెట్టేవాళ్లకు, పోటీ పెట్టారు, పాగ్‌చాంప్స్ అని. అందులో ఒకాయనకు ఆరు ఎత్తుల్లో ఆట కట్టు. ఆ ఆటను జనం తెగ పంచుకున్నారు. నిజమే. కానీ అక్కడ చూసింది మనిషిని. ముందే తెలిసిన మొహం, ముందే ఇష్టపడ్డ మొహం, తనకు రాని పనిలో తంటాలు పడుతుంటే వచ్చే సరదా అది. ఆయన చదరంగం బదులు దోసె పోసినా అంతమందీ చూసేవాళ్లు.

కాబట్టి తప్పుల్లో తేడాలున్నాయి. రెండు పెద్ద తప్పులు పక్కపక్కన పెడతాను.

ఒకటి 2024 డిసెంబరు 12, సింగపూర్. ప్రపంచ టైటిల్ పోటీలో గుకేశ్, డింగ్ లిరెన్, పద్నాలుగో ఆట. అప్పటికి స్కోరు సమం. బోర్డు మీద ఇద్దరికీ చెరో ఏనుగు, చెరో శకటు. గుకేశ్‌కు రెండు బంట్లు, డింగ్‌కు ఒకటి. అది డ్రా అవుతుందనే పండితులంతా అన్నారు. గుకేశ్ వదల్లేదు. గెలవడానికి దారి లేదు, కానీ నొక్కుతూనే ఉన్నాడు. 55వ ఎత్తులో డింగ్ ఏనుగు మార్పిడికి ఏనుగును ఎదురుపెట్టాడు. తన శకటు దూరంగా మూలలో ఇరుక్కుని ఉందన్న సంగతి మరిచాడు. ఏనుగులు పోయాక గుకేశ్ తన శకటును దానికి ఎదురుగా పెడితే తప్పించుకునే గడి లేదు. శకటులూ పోతాయి. మిగిలేది రాజులు, బంట్లు. రెండు బంట్లకు ఒక బంటు. ఇక్కడున్న పదేళ్ల పిల్లలు కూడా ఆ ఆట గెలుస్తారు. ఇంకో విశేషం, గుకేశ్‌కు కూడా మొదట అది కనబడలేదు. వేరే ఎత్తు వేయబోయి ఆగానని తర్వాత తానే చెప్పాడు. ఆ కొన్ని క్షణాలు చూసేవాళ్ల ప్రాణం గొంతులోకి వచ్చింది. అతనికి కనబడుతుందా, లేదా? 18 ఏళ్ల కుర్రాడు ఛాంపియన్ అయ్యాడు. ఆ కుర్రాడికి తెర వెనక పనిచేసిన బృందంలో మన హరికృష్ణ కూడా ఉన్నారు. చప్పట్లు కొట్టొచ్చు.

మాజీ ఛాంపియన్ వ్లాదిమిర్ క్రామ్నిక్ మాత్రం పెదవి విరిచారు. ప్రపంచ టైటిల్ ఇలాంటి చిన్నపిల్లల తప్పుతో తేలడమేమిటన్న ధోరణిలో మాట్లాడారు. రెండో తప్పు ఆయనదే. 2006లో బాన్ నగరంలో డీప్ ఫ్రిట్జ్ అనే కంప్యూటర్‌తో ఆడుతూ, రెండో ఆటలో, తనకు ఒక్క ఎత్తులో ఆట కట్టు కాబోతోందని చూసుకోకుండా మంత్రిని వేరే గడికి జరిపారు. కంప్యూటర్ ఆట కట్టేసింది.

తప్పుగా చూస్తే బాన్‌లోదే పెద్దది. అయినా దాన్ని చూసి ఎవరికీ ఉత్సాహం రాదు, అయ్యో అనిపిస్తుంది. కారణం నాకు తోచింది ఇది. బాన్‌లో ఎదుటివాడు ఏమీ కనిపెట్టక్కర్లేదు. యంత్రానికి కనబడుతుందా లేదా అన్న సందేహమే లేదు. సింగపూర్‌లో తప్పు పుట్టడానికి ముందు గంటల తరబడి ఒకడు తోస్తూ ఉన్నాడు, ఒకడు కాచుకుంటూ ఉన్నాడు. తప్పు పడ్డాక దాన్ని పట్టుకోవలసిన పని ఎదుటివాడికి మిగిలింది. పైగా ఆ తప్పు మనలాంటివాళ్లకు కూడా అర్థమయ్యే తప్పు.

ఈ చివరి సంగతి చిన్నది కాదు. వెనకటికి గుడి అరుగుల మీద గళ్లు గీసుకుని పులిజూదం ఆడేవాళ్లు. ఆడేది ఇద్దరే. చుట్టూ మూగినవాళ్లు ఊరుకుంటారా? "ఒరే అబ్బాయ్, మేకను అక్కడ పెడతావేంరా" అని ఒకడు, "పులిని దిగ్బంధం చెయ్యి మావయ్యా" అని ఇంకొకడు. వ్యూహాల ఆటను చూడటమంటే అదే. మనసులో మనమూ ఒక ఎత్తు వేసుకుంటాం. ఆటగాడు మరీ పైనున్నప్పుడు మనం వేసుకున్న ఎత్తుకు, అతను వేసిన ఎత్తుకు సంబంధమే ఉండదు, మనం ఆట బయట పడిపోతాం. అతను తడబడ్డ క్షణంలో మళ్లీ లోపలికి వస్తాం. నిద్రొస్తోందన్న తండ్రిగారి బాధ అదే. ఆటలో లోపం లేదు, ఆయన చూపులోనూ లోపం లేదు.

తెలిసి వేసే తప్పు అని ఇంకో జాతి ఉంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. 1960లో మాస్కోలో మిఖాయిల్ తాల్, బోత్విన్నిక్ ప్రపంచ టైటిల్ పోటీ. ఆరో ఆటలో తాల్ గుర్రాన్ని ఉత్తినే ఇచ్చేశాడు. హాల్లో జనం గోల ఆపడం ఎవరి తరమూ కాలేదు, చివరికి ఆటగాళ్లనే లోపలి గదికి తీసుకుపోయారు. తర్వాత విశ్లేషకులు తీరిగ్గా కూర్చుని ఆ గుర్రం బలి సరైంది కాదని తేల్చారు. తేల్చనివ్వండి. గడియారం తిరుగుతుండగా బోత్విన్నిక్ ఆ జవాబు వెతకలేకపోయాడు, ఆ ఆట ఓడిపోయాడు. 2016 మార్చిలో సియోల్‌లో లీ సెడోల్ ఆల్ఫాగో అనే కంప్యూటర్ ప్రోగ్రాంతో గో అనే రాళ్ల ఆట ఆడినప్పుడు నాలుగో ఆటలో వేసిన 78వ రాయి కూడా ఇలాంటిదే. సరైన జవాబిస్తే అది నిలిచేది కాదని తర్వాత తేలింది. యంత్రం ఆ జవాబివ్వలేదు, తికమకపడి ఓడింది. అయిదు ఆటల్లో లీ గెలిచింది అదొక్కటే.

తెలుగువాళ్లకు దీన్ని అవధానం చెప్పి అర్థం చేయించొచ్చు. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు ఒక్కో అక్షరమూ వద్దంటూ దారి మూసేస్తుంటాడు. అప్రస్తుత ప్రసంగం చేసేవాడు కూర్చునేదే అవధాని ఏకాగ్రత చెడగొట్టడానికి. కొప్పరపు సోదర కవులు, తిరుపతి వేంకట కవులు ఈ ప్రాంతంలో జనాన్ని ఊపేసిన రోజుల్లో సభకు వచ్చినవాళ్లందరికీ ఛందస్సు వచ్చని నేననుకోను. అదే పద్యాన్ని ఇంటి దగ్గర రాసుకొచ్చి తాపీగా చదివితే ఇంకా నునుపుగానే ఉంటుంది, కానీ అంతమంది రారు. అక్కడికక్కడ పుట్టిన పద్యంలో ఒక చోట వ్యర్థపదం పడ్డా సభ క్షమిస్తుంది. తాల్ గుర్రాన్ని నేను అలాగే క్షమిస్తాను.

ఇక నా ఫిర్యాదు ఒకటుంది. ఇప్పటి ప్రసారాల్లో బోర్డు పక్కన తెలుపూ నలుపూ పట్టీ ఒకటి నిలబెడుతున్నారు. ఇంజిన్ లెక్క ప్రకారం ఎవరిది పైచేయో అది క్షణక్షణం చూపిస్తుంది. మామూలు జనానికి ఆట దగ్గరైంది దాని వల్లే, కాదనను. కానీ అది మన చూపును పాడుచేసింది. పట్టీ దిగగానే "అయ్యో, ఇంత చిన్నది కనబళ్లేదా" అంటాం. మనకు మాత్రం కనబడిందా? పట్టీకి కనబడింది. 2025 జూన్‌లో నార్వేలో గుకేశ్‌తో ఓడిపోగానే కార్ల్‌సన్ బల్ల మీద గుద్దాడు, పావులు ఎగిరాయి. ఆ కొద్ది సెకన్ల వీడియో చూడనివాళ్లు ఇక్కడ ఎంతమంది? ఓడిపోవలసిన స్థితిలో గుకేశ్ ఎంతసేపు గోడలా నిలబడితే, గడియారంలో సెకన్లు కరిగాక కార్ల్‌సన్ గుర్రం తప్పు గడిలో వాలిందో చూసినవాళ్లు ఎంతమంది? నా లెక్కలో ఆ నిలబడటమే అసలు ఆట. బల్ల మీద గుద్దు దానికి పడ్డ చుక్క.

మన మనిషి తప్పు చేసినప్పుడు మాత్రం నా ఈ మాటలన్నీ పనికిరావు. 2025 జులైలో జార్జియాలోని బటూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్. హంపి, దివ్యా దేశ్‌ముఖ్. ఎక్కువ సమయం ఇచ్చే క్లాసికల్ ఆటలు రెండూ డ్రా. ర్యాపిడ్‌లో మొదటిది డ్రా. రెండో దానిలో గడియారం ఒత్తిడిలో హంపి తడబడ్డారు, దివ్య గెలిచింది. దివ్య ఊరు నాగపూర్‌లో అది పండగ. ఇక్కడ ఫోన్లు పక్కన పడేసి భోజనానికి లేచాం. ఉత్కంఠ ఇద్దరికీ ఒకటే, వినోదం ఒకరికే. అదే హంపి అంతకు ఏడు నెలల ముందు న్యూయార్క్‌లో ప్రపంచ ర్యాపిడ్ పోటీలో మొదటి రౌండే ఓడి, చివరికి 11కు 8.5 పాయింట్లతో రెండోసారి ఛాంపియన్ అయ్యారు. మొదటి రౌండు కూడా గెలిచేసి ఉంటే ఆ కథను మనం ఇంత ఇదిగా చెప్పుకునేవాళ్లమా? అనుమానమే. అయినా గెలిచి ఉంటే బాగుండేదనే అంటాను.

చివరగా నిర్వాహకులకు ఒక విన్నపం. లోపల పిల్లలు, బయట తల్లిదండ్రులు, మధ్యలో మూసిన తలుపు. వచ్చే ఏడాది ఈ షామియానా కింద ఒక డెమో బోర్డు, అంటే అందరికీ కనబడేలా నిలబెట్టే పెద్ద బోర్డు, పెట్టండి. మొదటి బోర్డు ఎత్తులను ఓ పావుగంట ఆలస్యంగా బయటికి పంపండి, లోపలికి సాయం అందుతుందన్న భయం ఉండదు. ఆట అయిపోయిన పెద్ద పిల్లల్లో ఒకరు కర్ర పట్టుకుని వివరించాలి. ఫోన్లూ ఇంజిన్లూ వద్దు, పట్టీ అసలే వద్దు. వివరించేవాడు తప్పు చెప్తే చెప్పనివ్వండి, సరిదిద్దడానికి చుట్టూ పాతికమంది ఉంటారు. బోర్డు నేను ఇప్పిస్తాను. టీ ఖర్చు మాత్రం మీదే. ఇక భోజనాలకు లేవండి, పిల్లలు ముందు.